పరదాకి అవతల మావారు, ఇవతల కెమెరా

హైదరాబాదు వెళ్లి కెమెరా కొనుక్కొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఫోటోలేవమ్మా?" చార్మినారు ఫోటో లేదు. చార్మినారు ముందు మావారు నిలబడిన ఫోటో అసలే లేదు. ఆయనకి ఆ బాధ ఇంకా తీరలేదు. కెమెరా ఉంది, ఫోటోలు లేవు, ఇదేం ప్రయాణమని అడిగినవాళ్లందరికీ మొదట్నుంచీ చెప్పుకురాలేక ఒక్కసారే రాసి పడేస్తున్నాను.

నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆరేళ్లు మా తమ్ముడి డబ్బా కెమెరాతో ఫోటోలు తీశాను. కాలవగట్టున బట్టలుతికేవాళ్లు, బడిగంట కొట్టే ఆయమ్మ, పరీక్ష రాసి బయటికొచ్చే పిల్లల ముఖాలు. తమ్ముడికి పెళ్లయింది. మరదలు కాపరానికొచ్చిన నెల్లోనే కెమెరా వెనక్కి వెళ్లిపోయింది. అడగడానికి మొహం చెల్లలేదు. ఏడాదిపాటు ట్యూషన్లు చెప్పి మూడువందల డెబ్బై రూపాయలు కూడబెట్టి, నాకంటూ ఒక కెమెరా కావాలన్నాను. అందులోనూ రెండు కళ్ల కెమెరా కావాలన్నాను. పైకంటితో మనం చూస్తాం, కిందికంటితో అది చూస్తుంది.

మావారు సరేనన్నారు గానీ రెండు షరతులు పెట్టారు. ఒకటి, బేరం ఆయనే ఆడతారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాయే అయినా, బేరంలో తనంతటి మొనగాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. రెండు, శనివారం రైలెక్కేలోగా కెమెరా దొరక్కపోతే ఆ డబ్బుతో టేబులు ఫ్యాను కొంటాం. అసలే ఎండాకాలం. అందుచేత ఆయనకి ఏ కెమెరా చూసినా లోపమే కనిపించింది.

శాలిబండ

మా బళ్లో కుట్టుపని నేర్పే టీచరు హైదరాబాదు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. ఆమె అక్క సత్తెమ్మ ఇంట్లో దిగాం. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. సత్తెమ్మక్క చుట్టుపక్కల ఇళ్లకి రవికెలు, కుర్తాలు కుడుతుంది. రెండు గదుల ఇల్లు. మేం వస్తున్నామని ఒక గది మాకిచ్చేసి, వాళ్లు నలుగురూ కుట్టుమిషనుతో సహా ఇంకో గదిలో సర్దుకున్నారు. "మీకు ఇబ్బంది కదండీ" అంటే ఆమెకి కోపం వచ్చింది.

"ఇబ్బందేంది చెల్లె? గిట్ల మాట్లాడ్తే నాకు మస్తు కోపమొస్తది. ముందు తిను."

పెట్టింది జొన్నరొట్టె, ఎర్ర కారం, పచ్చిపులుసు. మా వైపు పథ్యానికి తప్ప జొన్న ముట్టరు. మావారు మొదటి రొట్టె అనుమానంగా తిన్నారు, రెండోది మౌనంగా తిన్నారు, నాలుగోది అడిగి తిన్నారు. కెమెరా సంగతి చెబితే సత్తెమ్మక్క నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు తీస్తవా? అన్న తియ్యడా?"

"ఆయన నిలబడతారు. నేను తీస్తాను."

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. ముందు బజారులో చూసి రమ్మంది.

పత్తర్‌గట్టి

రాతి కమానుల కింద వరసగా దుకాణాలు. ఒక దుకాణం అద్దాల బీరువాలో కెమెరాలు కనపడగానే నా కాళ్లు ఆగిపోయాయి. రెండు కళ్లది ఉందా అని అడిగింది నేను. జవాబు చెప్పింది మావారికి.

"సాబ్, మేమ్‌సాబ్‌కి అది బరువయితది. గిది చూడుండ్రి, హల్కా. బటన్ ఒత్తుతె అయిపాయె. దిమాక్ తోని పనే లేదు."

తొమ్మిదో తరగతికి కాంతి పాఠం చెప్పేది నేను. మావారు కటకం అంటే ఒరిస్సాలో ఊరనుకునే మనిషి. ఆయనకి ఆ షాపతను పావుగంటసేపు కటకం గురించి వివరించాడు. ఆయన గంభీరంగా తలూపారు. నాకు వొళ్లు మండింది.

చివరికి అతను రెండువందల పది చెప్పిన ఆ తేలిక కెమెరాని మావారు తొంభైకి అడిగారు. మా ఊళ్లో ఇలా అడిగి పది అడుగులు నడిస్తే వెనకనుంచి పిలుస్తారు, అది పద్ధతి. ఆయన పది అడుగులూ లెక్కపెట్టుకుని మరీ నడిచారు. నిజంగానే పిలుపొచ్చింది. గర్వంగా నావైపు చూసి వెనక్కి తిరిగారు.

"సాబ్, చాయ్ తాగి పోండి" అన్నాడతను. అంతే. కెమెరా ఊసే లేదు. చాయ్ తెప్పించి, సాసర్లో పోసుకుని ఎలా తాగాలో చూపించి, మంచినీళ్లిచ్చి, నమస్కారం పెట్టి పంపించాడు. బేరం కుదరనివాళ్లని ఇంత మర్యాదగా సాగనంపే ఊరు నేనింకోటి చూడలేదు.

జుమేరాత్ బజార్

గురువారం పొద్దున్నే పాతసామాన్ల సంతకి వెళ్లాం. నేలమీద గోనెపట్టాలు పరిచి తాళాలు, గడియారాలు, ఒంటరి చెప్పులు, గుర్రపు నాడాలు అన్నీ పోసి అమ్ముతున్నారు. ఒకచోట రెండు కళ్ల కెమెరా కనిపించింది. వెల అరవై. మావారు ముప్పై అన్నారు. వాడు వెంటనే ఒప్పుకున్నాడు. ఎప్పుడూ ఇంత త్వరగా గెలవని మనిషి కనక మావారికే అనుమానం వచ్చింది. వెనక మూత తెరిస్తే లోపల ఒక గోళీ, రెండు చింతగింజలు ఉన్నాయి. కింది కన్ను ఉండాల్సిన చోట కన్నం ఉంది.

"ఇది ఫోటో తీస్తుందా?" అన్నాను.

"ఫోటోకి ఎందుకమ్మా? షోకేసుల పెట్టుకో. శాన్ ఉంటది" అన్నాడు, ఇంటికి హోదా అన్నట్టు, ఏమాత్రం తడుముకోకుండా.

తిరిగొచ్చేటప్పుడు మావారు రోడ్డుపక్క షాపులో టేబులు ఫ్యాన్ల ధర కనుక్కున్నారు. నేను వినపడనట్టు నడిచాను గానీ, ఏడాదిపాటు సాయంత్రాలన్నీ ట్యూషన్లకి ధారపోసింది ఇందుకా అని కళ్లమ్మట నీళ్లొచ్చినంత పనయింది.

నా ముఖం చూసి సత్తెమ్మక్క మిషను ఆపింది. "ఇగ చెప్త. నిన్ననే చెప్తుంటి, కని బజార్లనే దొరుకుతదేమో అనుకున్న. హుస్సేనీ ఆలంల ఫోటో ఖాలా ఉన్నది. ఆమె కెమెరా అమ్ముతదంట. కని ఆడోళ్లకే అమ్ముతదంట."

హుస్సేనీ ఆలం

ఖాలా అంటే అమ్మకి అక్కచెల్లెలు. ఆ వీధిలో అందరికీ ఆమె ఖాలాయే. పెద్ద గుమ్మం, లోపల బల్ల వేసిన వసారా, వసారాకి లోవాకిలికి మధ్య ఆకుపచ్చ పరదా. సత్తెమ్మక్క, నేను పరదా ఎత్తి లోపలికి వెళ్లాం. మా వెనకే మావారు కూడా రాబోయారు.

"ఏ, నక్కో నక్కో!" అని లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. సత్తెమ్మక్క వెనక్కి తిరిగి, "అన్నా, మొగోళ్లు గక్కడ్నే కూసోవాలె" అంది. జిల్లాలోకెల్లా గొప్ప బేరగాడు బల్లమీద గొడుగు పట్టుకుని కూలబడ్డారు.

మా వైపు ఇళ్లకి వీధి అరుగులుంటాయి. దారినపోయే ప్రతివాడూ మన కూర వాసన చూసి పోతాడు. ఇక్కడ పరదా దాటితే వేరే ఊరే. లోపల సున్నం కొట్టిన ముంగిలి, జామచెట్టు నీడ, చాపమీద ఖాలా. అరవై దాటి ఉంటుంది. పలచటి మనిషి, పండిన జుట్టు, గట్టి చూపు. తమలపాకుల డబ్బా ముందేసుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

ఆమె కథ ఇది. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆడవాళ్లంతా పరదా లోపల ఉంటారు. ఫోటోలు తీసేవాడు మగవాడు గనక లోపలికి రాకూడదు. పెళ్లికూతురి ఫోటో ఎలా? ఖాలా భర్త కెమెరాల మరమ్మతు చేసేవాడట. పెళ్లయిన కొత్తలో ఆయన నేర్పితే, నలభై ఏళ్లపాటు ఊళ్లో పరదా వెనక పెళ్లికూతుళ్లందరినీ ఈమే తీసింది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.

"మీరు తీసిన ఫోటోలు చూపిస్తారా?" అని అడిగాను ఆశగా.

"ఒక్కటి లేదు బేటీ. ఫోటో, దాని రీలు ముక్క, అంత పెండ్లిపిల్ల అమ్మ చేతుల పెడ్త. నా తాన ఉంచుకుంటె రేపు ఎవ్వరన్న మొగోడు చూడొచ్చు. నా మీద నమ్మకంతోనే కద ఇంట్లకు రానిచ్చిండ్రు."

నలభై ఏళ్లు ఫోటోలు తీసి, చూపించడానికి ఒక్కటీ లేని మనిషిని మొదటిసారి చూశాను. నేనైతే ఒక ఫోటో బాగా వస్తే స్టాఫు రూములో వారంరోజులు తిప్పుతాను. సిగ్గేసింది.

పెట్టెలోంచి కెమెరా తీసింది. మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. తోలు అక్కడక్కడా అరిగింది గానీ రెండు కళ్లూ నిగనిగలాడుతున్నాయి. పైమూత తెరిచి వంగి చూస్తే జామచెట్టు అద్దంలో వెలిగింది. కుడి ఎడమయి కనిపించింది. ఇదే కావాలి, ఇది తప్ప ఇంకేదీ వద్దు అనిపించింది.

ఇంతలో పరదా అవతల్నుంచి మావారి గొంతు. "సరళా, ఎంతంటున్నారు?"

"ఇంకా చెప్పలేదండీ."

"రెండొందలకి ఒక్క పైసా ఎక్కువ చెప్పినా లేచి వచ్చెయ్యి. పది అడుగులు నడువు."

ఖాలా పరదావైపు చూసి, నావైపు చూసి, ఆకుకి సున్నం రాసింది. "మూడు నూర్ల యాభై. కని పైసలు తర్వాత. ముందు ఒక రీలు తియ్యి. పన్నెండు ఫోటోలు. కడిగి చూస్త. చెయ్యి మంచిగుంటెనే ఇస్త. లేకుంటె నూరు ఎక్కువిచ్చినా ఇయ్య."

కొనేవాడు వస్తువుని పరీక్షించడం మాకు తెలుసు. అమ్మేవాళ్లు కొనేవాళ్లకి పరీక్ష పెట్టడం ఇక్కడే చూశాను. ఏడాదికి మూడు పరీక్షలు పెట్టే టీచర్ని, పరీక్ష అనేసరికి నాకే భయమేసింది. కెమెరా ఒక రోజు బయటికి తీసుకెళ్లాలంటే ఏదైనా ఉంచి వెళ్లాలంది సత్తెమ్మక్క. మావారి చేతిగడియారం పరదా కిందనుంచి లోపలికొచ్చింది. మర్నాడంతా ఆయన దారిన పోయేవాళ్లని టైమడుగుతూ గడిపారు.

మాదన్నపేట

శుక్రవారం పొద్దున కూరగాయల అంగడికి వెళ్లాం. మా ఊళ్లో కెమెరా తీస్తే అందరూ బిగుసుకుపోయి జాతీయగీతానికి నిలబడ్డట్టు నిలబడతారు. ఇక్కడ అలా కాదు, ఎవరి హుకుం వారిది. వంకాయలమ్మే ఆమె, "అక్కా, నా మొగం ఎట్లొచ్చినా సరే, తరాజు సక్కగ రావాలె. తప్పు తూకమని ఎవ్వరనొద్దు" అని తక్కెడ ఎత్తి పట్టుకుంది. కొత్తిమీర అమ్మే ముసలామె ముక్కుపుడక కనపడాలని పక్కకి తిరిగింది. నేను ఎడమకి జరుగుదామంటే అద్దంలో కుడికి జరిగేది. పన్నెండుసార్లు ఎవరిదో ఒకరి కాలు తొక్కాను, అందులో ఎనిమిదిసార్లు మావారిదే.

ఒక్కొక్క ఫోటోకీ చెవిలాంటి మర తిప్పి ఫిల్ము ముందుకి జరపాలి. వెనక ఎర్ర కిటికీలో అంకె మారుతుంది. తమ్ముడి డబ్బాకీ ఇదే పద్ధతి, నాకు కొత్తేమీ కాదు. పదకొండు ఫోటోలు ఒళ్లు దగ్గర పెట్టుకుని తీశాను. ఖాలా ఇంటికి తిరిగి వెళ్లేసరికి కిటికీలో పన్నెండు కనిపిస్తోంది, ఒకటి మిగిలింది. వసారాలో బల్లమీద మావారు మళ్లీ కూలబడ్డారు. గొడుగు మీద గడ్డం ఆనించి, గడియారం లేని మణికట్టు వైపు చూసుకుంటున్నారు. ఆ ముఖం వదలబుద్ధి కాలేదు. టక్కున నొక్కాను. అదే క్షణంలో లోపల్నుంచి "ఆవో బేటీ" అని పిలుపు.

మళ్లీ పరదా లోపల

ఖాలా ఖుబానీ మీఠా పెట్టింది. నేరేడుపండంత ఎండు పళ్లని నానబెట్టి పాకంలో ఉడికించి, పైన మీగడ వేశారు. తింటూ, నోరు ఊరుకోక అడిగాను. "మీ ఫోటో ఒక్కటైనా ఉందా ఖాలా?"

ఆమె నవ్వింది. "నాది ఎవరు తియ్యాలె? మొగోళ్ల ముందుకు నేను పోను. ఆడోళ్లల్ల కెమెరా పట్టింది నేనొక్కదాన్నే."

సత్తెమ్మక్క కూడా నోటి దగ్గర చెంచా ఆపేసింది. నేను కెమెరా చేతిలోకి తీసుకుని ఎర్ర కిటికీలోకి చూశాను. పన్నెండు. అయితే ఇంకొకటి ఉందన్నమాట అనుకున్నాను. "నేను తీయనా?" అన్నాను.

ఖాలా వద్దంది, ముసలిదానికెందుకంది, కొంగు సర్దుకుంది, లేచి వెళ్లి జుట్టు దువ్వుకునొచ్చి జామచెట్టు కింద కూర్చుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఎన్ని వందలమంది పెళ్లికూతుళ్లకి గడ్డం దించు, ఇటు చూడు అని చెప్పిందో గానీ, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. ఒళ్లో పెట్టింది, మోకాలి మీద పెట్టింది, కొంగులో దాచింది. నేనే వెళ్లి రెండు చేతులూ ఒకదానిమీదొకటి పెట్టాను. చల్లగా ఉన్నాయి. పరీక్ష సంగతి మరిచిపోయి, ఈ ఒక్క ఫోటో బాగా రావాలని మొక్కుకున్నాను.

ఫిల్ము కడిగేది ఆమే. స్నానాలగది తలుపుకి కంబళి కట్టి, చీకట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. గడియారం చూడ్డానికి వెలుగుండదు కనక జపమాల పూసలు తిప్పుతూ నిమిషాలు కొలిచింది. వణికే చెయ్యే అయినా, పూసల చప్పుడు మాత్రం ఒక్కసారీ తడబడలేదు. బయటికొచ్చి, మనవల చొక్కాల పక్కన దండేనికి తడి ఫిల్ము తగిలించి, ఒక్కొక్కటీ వెలుగులో చూసింది. తక్కెడ బాగుందంది. ముక్కుపుడక బాగుందంది. చివరిదాని దగ్గర ఆగిపోయింది. చాలాసేపు చూసింది.

నేనూ చూశాను. ఖాలా జామచెట్టు కింద కూర్చునుంది. ఆమె ఒళ్లో, గొడుగు మీద గడ్డం ఆనించుకుని, మావారు కూర్చునున్నారు.

మర తిప్పలేదు. వసారాలో ఆయన్ని తీశాక తిప్పడం మర్చిపోయి, అదే ముక్కమీద ఆమెనీ తీశాను. ఆరేళ్లలో ఎన్నడూ చేయని తప్పు, చేయకూడని చోట చేశాను. కెమెరా పోయింది సరే, నలభై ఏళ్లు పరాయి మగవాడి కంటపడని మనిషి ఒళ్లో నా మొగుణ్ణి కూర్చోబెట్టాను.

"వీడెవడు?" అంది ఖాలా.

"మావారండీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే పరదా అవతల్నుంచి, "సరళా! రెండొందల పాతిక్కి దిగారా?" అని కేక.

ఖాలా పరదావైపు చూసింది. ఫిల్మువైపు చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ముందుకి వెళ్లాను. ఏడుపు కాదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ సత్తెమ్మక్కతో అంది. "రెండు దినాల సంది పరదా అవుతల కూసోబెట్టిన. ఆఖరుకు లోపలికొచ్చిండు చూడు!"

ముగ్గురం చాపమీద పడి నవ్వాం. బయట మావారు "ఏమైంది? ఎంతకి దిగారు?" అని అడుగుతూనే ఉన్నారు.

నవ్వు తగ్గాక ఖాలా కెమెరాని గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టింది. "చెయ్యి మంచిగుంది. యాది తక్కువ. యాది నేర్పితె వస్తది, చెయ్యి రాదు." యాది అంటే జ్ఞాపకం. నేను మూడువందల యాభై చేతిలో పెట్టాను. మావారికి రెండొందల ఎనభై అని చెప్పాను. ఆయన ఇది చదువుతున్నారు గనక ఇప్పుడు తెలిసే ఉంటుంది.

రీలు అడిగితే ఇవ్వలేదు. పన్నెండోది తన పెట్టెలోకి వెళ్లింది. మిగతావి సత్తెమ్మక్క అంగడివాళ్లకి ఇచ్చొస్తుందంది. "అవి నేను తీసినవి కదా ఖాలా" అన్నాను, ప్రాణం ఒప్పక.

"తీసింది నువ్వు. మొగం వాండ్లది."

ఒక పనికి మాత్రం మావారు పనికొచ్చారు. పరుగున వెళ్లి కొత్త రీలు పట్టుకొచ్చారు, పావలా తగ్గించి మరీ. పొద్దు వాలుతుండగా ఖాలాని మళ్లీ జామచెట్టు కింద కూర్చోబెట్టాను. ఈసారి ఆమే హుకుం చేసింది. "తిప్పినవా? చూపియ్యి." కిటికీలో ఒకటి అంకె చూపించి అప్పుడు తీశాను. ఒక్క ఫోటో తీసిన రీలుని ఆమె చేతిలోనే పెట్టాను. మర్నాడు మా రైలు. అది ఎలా వచ్చిందో చూడకుండానే వచ్చేశాను.

ఇంటికి వచ్చాక

ఇరవై రోజులు ఆ దిగులే. నలభై ఏళ్లకి ఒక్కసారి కూర్చున్న మనిషిని రెండోసారి కూడా చెడగొట్టానేమోనని అన్నం సహించలేదు. పోయిన సోమవారం ఒక కార్డు వచ్చింది. ఉర్దూలో ఉంది. మా బళ్లో లెక్కలు చెప్పే సాయిబు మాస్టారి చేత చదివించుకున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒకసారి తనలో తాను చదువుకుని, తర్వాత నాకు తెలుగులో చెప్పారు.

"ఫోటో వచ్చింది. నేనింత ముసలిదాన్నయ్యానని ఇంట్లో ఒక్కరూ నాతో చెప్పలేదు. రెండు రోజులు అందరిమీదా అలిగాను, నీమీద కూడా. మూడోరోజు మళ్లీ తీసి చూశాను. పాపం, ఆమె బాగానే ఉంది."